కుడిచేతికి కావలసిన పని

నంద్యాలలో నేను చికిత్స పొందిన ఆసుపత్రిలో, నడక నేర్పే గదికి ఎదురుగా మరొక గది ఉంది. దాని తలుపు మీద ‘వృత్తి చికిత్స’ అని రాసి ఉంటుంది. పక్షవాతం వచ్చి నా కుడివైపు చచ్చుబడింది. కాలు కొంత స్వాధీనంలోకి వచ్చాక డాక్టరు నన్ను ఆ గదికి పంపితే, గడపలోనే నిలబడి ఒక అభ్యంతరం చెప్పాను. నేను ఉద్యోగ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుణ్ణి. వృత్తి నాకు ఏనాడో ముగిసింది. ముగిసిపోయినదానికి చికిత్స ఏమిటని అడిగాను. ఆ రోజుల్లో నా మాట కొంచెం తడబడుతూ వచ్చేది. అయినా చెప్పదలచింది పూర్తిగా చెప్పాను. వాక్యాన్ని మధ్యలో వదిలిపెట్టే అలవాటు నాకు లేదు.

గదిలో ఉన్న థెరపిస్టు ముస్లింల అమ్మాయి. ఊరు ఆళ్లగడ్డ. ఆమె తండ్రి అక్కడ కుట్టుమిషన్లు బాగుచేస్తాడని తరువాత తెలిసింది. నా అభ్యంతరమంతా ఓపికగా విని, “పొద్దున్నే లేసి పండ్లు తోముకుంటారు గదా సార్?” అని అడిగింది.

“తోముకుంటాను.”

“ఏ చేత్తో?”

నేను ఎడమచేత్తో కుడిచేతిని పంచె మడత కిందికి జరుపుకున్నాను.

“అదీ పనే సార్. చొక్కాకు గుండీలు పెట్టుకునేది, అన్నం కలుపుకునేది, తలుపు గడియ ఏసుకునేది, అన్నీ పనులే. ఉద్యోగానికి రిటైర్మెంట్ ఉంటాది గానీ వీటికి యాడుంటాది? రాండి, కూచోండి.”

నేను వెళ్ళి కూర్చున్నాను.

నా భార్య పోయిన నాలుగో నెలలో నాకీ జబ్బు వచ్చింది. మాకు సంతానం లేదు. ఆళ్లగడ్డలో నా తమ్ముడి కుటుంబం ఉంది. తమ్ముడి కొడుకు అక్కడ ఎరువుల అంగడి నడుపుతాడు. ఆసుపత్రిలో నా మంచం పక్కన పడుకున్నవాడు అతడే. తమ ఇంటికి వచ్చి ఉండమని వారు ఎంతో అడిగారు. నేను నంద్యాల ఇల్లు వదిలి వెళ్ళలేదు. నా వస్తువులు నేను పెట్టిన చోట ఉండాలి, నా భోజనం నా వేళకు జరగాలి. ఒక పెద్దామె పొద్దున వచ్చి వంట చేసి వెళ్ళేది. ఆమె వెళ్ళాక నేను వీధి తలుపు గడియ వేసి, అప్పుడు భోజనానికి కూర్చునేవాణ్ణి. ఎడమ చేతిలో చెంచా పట్టుకుని తినడం ఎవరి కంటా పడకూడదని. ఇంట్లో మరొక మనిషి లేడు, వచ్చేవారూ లేరు. అయినా గడియ వేసేవాణ్ణి.

ఆ గదిలో నాకు మొదట నచ్చనిది అక్కడి గందరగోళం. నేను ఎరిగిన వైద్యశాలల్లో ఒక జబ్బుకు ఒక వార్డు, ఒక వరస ఉంటాయి. ఇక్కడ ఒకే చాప మీద పుట్టుకతో కాళ్ళు చేతులు బిగుసుకుపోయిన ఆడపిల్లా, మతిమరుపు ముదిరిన రుద్రవరం రైతూ, నేనూ కూర్చోవాలి. చేసే పని మాత్రం ఏ ఇద్దరికీ ఒకటి కాదు. ఆ పిల్లకు కాడ వంచిన చెంచా ఇచ్చి, ఉగ్గు గిన్నె నుంచి నోటి దాకా దారి నేర్పేవారు. తాను ఎక్కడున్నాడో తెలియక మాటిమాటికీ లేచి వెళ్ళిపోబోయే ఆ రైతు ముందు థెరపిస్టు వేరుశనగ కాయలు పోసేది. కాయ చేతికి తగలగానే ఆయన కుదురుగా కూర్చుని ఒలవడం మొదలుపెట్టేవాడు. పేరు అడిగితే చెప్పలేనివాడు ఒక్క పప్పు కూడా నలగనిచ్చేవాడు కాదు. ఇంటి దగ్గర కూడా ఆయనకు రోజూ ఏదో ఒక పని పెట్టమనీ, ఊరికే కూర్చోబెట్టి గౌరవించవద్దనీ ఆమె ఆయన కూతురికి గట్టిగా చెప్పేది.

నా ముందు పళ్ళెంలో కందిపప్పూ శనగపప్పూ కలిపి పోసి, కుడిచేత్తో వేరుచేయమంది. జీవితంలో ఎన్నడూ ఇంతటి అవమానం పొందలేదని నాకు అనిపించింది.

నా పక్కన ఆళ్లగడ్డ శిల్పి ఒకడు కూర్చునేవాడు. రాయి కోసే మిషను అతడి ఎడమ చేతి వేళ్ళ మీదుగా పోయి నరాలు తెగాయి. కర్నూలులో ఆపరేషను అయింది గానీ వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. అతడు నా పళ్ళెంలోకి తొంగిచూశాడు.

“ఏం సామీ, నీకూ పప్పులేనా? నాకూ మొన్నటిదాంకా ఇదే పని. మా ఇంటిది సూసిందంటే, ఇంగ నన్ను వంటింట్లోనే కట్టేస్తాది.”

“మాట్లాడకుండా నీ పని చూసుకో” అన్నాను.

“సూసుకుంటాండా సామీ. నువ్వు ఇస్కూలు అయ్యవారివంట గదా, గొంతులోనే తెలుస్తాంది. బెత్తం తెచ్చుకున్యావా?”

పిల్ల తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. థెరపిస్టు దాచుకోకుండానే నవ్వింది. నేను నవ్వలేదు. అయితే మరుసటి వారం అతడు రాకపోతే పళ్ళెం ముందు నాకు పొద్దుపోలేదు.

ఆ అమ్మాయి ప్రతి రోగినీ ఒక ప్రశ్న అడిగేది. శిల్పి జవాబు నేను విన్నాను. “ఉలి పట్టల్ల మేడమ్మా. సుత్తి కొట్టేదానికి ఎవుడైనా వస్తాడు. ఉలి పట్టేదే పని.” ఆ రోజు నుంచి అతడికి చేయించినదంతా ఆ ఒక్కదాని కోసమే. నన్నూ అడిగింది: “ఈ చేత్తో మీకు ఏం పని కావల్ల సార్?”

“సంతకం” అన్నాను. ప్రధానోపాధ్యాయుడు చెప్పదగిన సమాధానం అది.

కలానికి గుడ్డ చుట్టి లావు చేసి సంతకం సాధన చేయించింది. కొన్ని వారాలకు వంకరగానైనా వచ్చింది. ఆమె కాగితం చూసి, నా ముఖం చూసి, “సంతకం వచ్చింది గానీ, మీకు కావాల్సింది ఇది కాదేమో సార్” అంది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తరువాత ఒక రోజు ఆమె మా ఇంటికి వచ్చింది. ఆసుపత్రి గదిలో మనిషి చేసేది వేరు, ఇంట్లో చేయగలిగేది వేరు, అందుకని ఇల్లు చూడాలంది. స్నానాల గదిలో పీట వేయించి, గోడకు పట్టుకునే కమ్మీ బిగించమంది. పంచె కూర్చుని కట్టుకోమంది. జంధ్యం సవరించుకోవడం ఎలాగో నేను ఒంటిచేత్తో చేసి చూపితే, నిలబడి చేయవద్దని మాత్రం అంది. వంటింట్లో పై అలమర చూసి, డబ్బాలన్నీ కింది వరసలోకి దించమంది.

“ఆ వరస మారడానికి వీల్లేదు” అన్నాను.

“ఎవురు పెట్టినారు సార్ ఈ వరస?”

“నేనే.”

అది నిజం. ఎత్తును బట్టి నేను అమర్చిన వరస అది. నా భార్య రోజూ దాన్ని చెదరగొట్టేది. ఉప్పు డబ్బా పొయ్యి పక్కన ఉండేది, పోపుల పెట్టె కిటికీలోకి చేరేది. సాయంత్రం నేను సవరించేవాణ్ణి. ఇప్పుడు ప్రతి డబ్బా పెట్టిన చోటే ఉంటోంది. సవరించవలసిన పని లేదు. అది ఆ అమ్మాయికి చెప్పలేదు. డబ్బాలు దించడానికి మాత్రం ఒప్పుకున్నాను.

నా భార్య ఆబ్దికం దగ్గరపడుతోందని, మాట్లాడుకోవడానికి తమ్ముడు ఆళ్లగడ్డకు పిలిపించాడు. భోజనాలయ్యాక తమ్ముడి కొడుకు మెల్లగా ప్రస్తావన తెచ్చాడు.

“పెద్దనాయనా, నువ్వు ఏం శ్రమపడొద్దు. పంతులుతో మాట్లాడినా. నువ్వు పక్కన కుర్చీలో కూచో. దర్భతో నన్ను తాకితే చాలంట. పిండాలు నేను పెడతా. పెద్దమ్మకు నేను మాత్రం కొడుకును కాదా?”

అతడి మాటలో లోపం లేదు. కర్త చేయలేనప్పుడు మరొకరి చేత చేయించడం అనుమతించినదే. మా వారిలో జబ్బుపడ్డ పెద్దలకు అందరూ చేసే మర్యాద అది. చేతిలోని పని తీసుకుని, కుర్చీ వేస్తారు. తమ్ముడు తలూపాడు. మరదలు కళ్ళు తుడుచుకుంది. నేను “సరే, చూద్దాం” అన్నాను. ఆ మాట నోట వస్తుండగానే నాకు తెలిసింది, థెరపిస్టు ప్రశ్నకు నేను ఇవ్వని జవాబు ఏమిటో.

వారానికి ఒక రోజు థెరపిస్టు ఆళ్లగడ్డలో రోగులను చూస్తుంది. ఫోను చేస్తే, ఆ సాయంత్రం శిల్పి షెడ్డులో ఉంటానని, నన్నూ అక్కడికే రమ్మంది. తమ్ముడి కొడుకు ఆటోలో దింపి అంగడికి వెళ్ళాడు. షెడ్డంతా తెల్లటి దుమ్ము, ఉలి చప్పుడు. సగం ముఖం తేలిన అమ్మవారి విగ్రహం ముందు శిల్పి గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతడి ఉలికి సైకిలు ట్యూబు చుట్టి ఉంది. బిగిసిన వేళ్ళకు సరిపోయేంత లావు చేసి ఆమె చుట్టించింది. అతడు గట్టి దెబ్బలు కొట్టడం లేదు. బుగ్గ దగ్గర సన్నగా గీస్తున్నాడు. ఆమె పక్కనే రాతి మీద కూర్చుని అతడి మణికట్టు మాత్రమే చూస్తోంది.

“రా సామీ, రా. సూడు, పట్టినా” అని శిల్పి ఉలి ఎత్తి చూపాడు. “నా పని నాకొచ్చె. నీదేంది ఇంగ? సంతకం పెట్టి ఏం జేస్తావు, చెక్కులు రాసిస్తావా మాకు?”

“సార్‌ను ఇడిసిపెట్టన్నా” అంది ఆమె.

“ఈయప్ప చెప్పడు మేడమ్మా. కడుపులో పెట్టుకుంటాడు. నాకు తెల్దా? దుడ్లడిగినా ఇస్తాడేమో గానీ మాట ఇయ్యడు.”

అప్పుడు చెప్పాను. నా భార్య సాంవత్సరికం వస్తోందనీ, ఆమెకు పెట్టే పిండం ఈ చేత్తో చేసి, ఈ చేత్తో విడవాలనీ చెప్పాను. అది కుడిచేత్తోనే జరగాలి. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి జారాలి. ఇంకా రెండు నెలల వ్యవధి లేదు.

శిల్పి ఉలి కింద పెట్టాడు. షెడ్డులో మిగతా చప్పుడు సాగుతూనే ఉంది.

“ఇంత మంచి పని పెట్టుకుని నాకు సంతకం చెప్పినారా సార్?” అంది ఆమె. కోపంగానే అంది. “రేపటి నుంచే మొదలుపెడదాం. అన్నం ముద్దలు చేసి...”

“వీల్లేదు” అన్నాను. “పిండం అభ్యాసం చేసేది కాదు. కర్మ లేని రోజున అన్నం అలా ఉండలు చేయకూడదు. చిన్నపిల్లలు ఆటకు చేసినా మా ఇళ్ళలో చేతి మీద కొడతారు.”

ఇక్కడితో మాట ఆగిపోతుందనుకున్నాను.

“బంకమట్టితో?”

“మట్టి వేరు, అన్నం వేరు. మట్టి ఎంత నొక్కినా విరగదు. అన్నం విరుగుతుంది.”

“అయితే సంగటి సార్” అంది. “సంగటి ముద్దే గదా తినేది. ముద్ద చెయ్యకుండా ఎవురు తింటారు? దాంట్లో తప్పేముంది?”

శిల్పి తొడ చరుచుకున్నాడు. “అబ్బ, ఏం చెప్తివి మేడమ్మా! మా సీమలో దినామూ చేసేదే గదా!”

నేను ఎంత వెదికినా అందులో దోషం కనబడలేదు.

సంగటి మా వంటింట్లో వండే పదార్థం కాదు. వంట చేసే పెద్దామె విని ముక్కు మీద వేలు వేసుకుంది. అన్నంలో రాగిపిండి పోసి ఉడికించి దించడం వరకే ఆమె పని, తరువాత కెలకడం నాది. నేల మీద చుట్టకుదురులో కుండ నిలబెట్టి, తెడ్డును కుడిచేత్తో పట్టించి, దాని మీద ఎడమచేయి వేసి రెండు చేతులా తిప్పాలని థెరపిస్టు చూపించింది. కుడిచేతికి వేడి సరిగా తెలియదు కనుక, ముందు ఎడమచేత్తో తాకి చూడనిదే ముద్ద ముట్టనని నా చేత మూడుసార్లు చెప్పించింది. మొదటి రోజు తెడ్డు నా చేతిలోంచి జారి గోడకు తగిలింది. పెద్దామె, “అయ్యవారూ, కెలికేది కుండలో, గోడకు పూసేది కాదు” అంది. నేను తెడ్డు తీసి మళ్ళీ కుండలో పెట్టాను.

ముద్ద చేయడం కొంత త్వరగానే వచ్చింది. మొదట పిడికిలంత ముద్దలు, తరువాత చిన్నవి. థెరపిస్టు రాగులు తగ్గించి బియ్యం పెంచిస్తూ, రోజురోజుకూ విరిగే స్వభావం ఎక్కువ చేసింది. చేసినదాన్ని పులుసులో ముంచి తినమనేది. చేసింది పారేయడం ఆమె పద్ధతి కాదు. చాలాకాలానికి నా భోజనం నా కుడిచేతి నుంచి నోటికి వచ్చింది. పులుసు గడ్డం మీదికి కారింది, సగం ముద్ద ఒడిలో పడింది. అయినా చెంచా అవతల పెట్టాను.

రానిది విడవడం. ముద్ద పట్టుకున్న వేళ్ళు తెరుచుకోవు. తెరవాలని మనసు పెట్టేకొద్దీ ఇంకా బిగుసుకుంటాయి. ఎడమచేత్తో ఒక్కొక్క వేలూ విప్పవలసివచ్చేది. అప్పటికి ముద్ద నలిగి వేళ్ళ సందుల నుంచి బయటికి వచ్చేది.

“పట్టుకునేది ముందొస్తాది సార్. విడిసేది ఆలిస్యం” అంది. “ఏళ్లతో పోట్లాడొద్దు. వాటి సంగతే మర్సిపోండి. మణికట్టు కిందికి వాల్చండి. అది వాలితే ఏళ్లు వాటంతట అవే సడల్తాయి.”

నేను మణికట్టు వాల్చాను. కొన్ని రోజులు ముద్ద పడింది, కొన్ని రోజులు పడలేదు. ఆబ్దికం ముందు వారం కూడా పదిసార్లలో సగమే. తమ్ముడి కొడుకు ఫోన్లో, “పెద్దనాయనా, నేను పంచె తెచ్చుకుంటాండా, అవసరమైతే కూచుంటా” అన్నాడు. తెచ్చుకోమన్నాను.

ఆ రోజు మా పురోహితుడు దర్భలు పరిచి, నా ముందు పీట సవరించాడు. అతడు ఒకప్పుడు నా తరగతిలో చదువుకున్నవాడు. “సార్, తాకితే చాలు. శాస్త్రం ఒప్పుకుంటాది” అని లోగొంతుకతో అన్నాడు.

“ఒప్పుకుంటుందని నాకూ తెలుసు. కానివ్వు” అన్నాను.

కూర్చునే జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకున్నాను. మూడు పిండాలు పెట్టాలి, నా భార్యకూ మా అమ్మకూ మా నాయనమ్మకూ. అన్నంలో నువ్వులు కలిసి ఉన్నాయి. ఎడమచేత్తో తాకి చూశాను, చల్లబడింది. నా కుడిచేత్తో పిండం చేశాను. అది గుండ్రంగా రాలేదు, ఒక పక్క చదునుగా ఉంది. పురోహితుడు నా భార్య పేరు, గోత్రం చెప్పించాడు. నేను చెయ్యి దర్భల మీదికి చాచాను.

వేళ్ళు తెరుచుకోలేదు.

పక్కన తమ్ముడి కొడుకు ముందుకు వంగడం కనిపించింది. అతడి చెయ్యి నా మోచేతి దాకా వచ్చి ఆగింది. పురోహితుడు మంత్రం మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. నేను తొందరపెట్టకూడదని అనుకునే లోపలే తొందరపెట్టాను, పిడికిలి ఇంకా బిగిసింది. అన్నం చిట్లుతున్నట్టు తెలిసింది. ఒక ఊపిరి తీసుకున్నాను. వేళ్ళను చూడడం మాని, దర్భ కొసలను చూస్తూ, మణికట్టు ఒక్కటే వదులు చేసి బొటనవేలు నేల వైపు వాల్చాను. ఎంతసేపు అలా ఉన్నానో చెప్పలేను. చేతిలో బరువు తగ్గింది. కిందికి చూస్తే పిండం దర్భల మీద ఉంది, ఒక పక్క విరిగి ఉంది, కానీ ఉంది.

“సరే సార్” అన్నాడు పురోహితుడు.

తరువాతి రెండూ నా వల్ల కాలేదు. చెయ్యి అప్పటికే అలసిపోయింది. వాటికి తమ్ముడి కొడుకు నా చేతి కింద తన చెయ్యి ఉంచాడు. దానికి నేను అభ్యంతరం చెప్పలేదు.

భోక్తలు తిని, తాంబూలం తీసుకుని వెళ్ళారు. తమ్ముడూ మరదలూ మధ్యాహ్నం ఆళ్లగడ్డ బస్సుకు బయల్దేరారు. తమ్ముడి కొడుకు పిండాలను ఆకులో పెట్టుకుని, కుందూ నదిలో కలిపి అటే ఊరికి పోతానన్నాడు. గడపలో ఆగి, “పెద్దనాయనా, పెద్దమ్మది నువ్వే పెడితివి” అన్నాడు. మోటారు సైకిలు స్టార్టు చేశాడు.

నేను లోపలికి వచ్చి, పీట గోడకు చేర్చాను. దర్భలు ఏరాను. నేల మీద రాలిన నువ్వుల్ని కుడిచేతి వేలితో ఒక్కొక్కటే అద్ది తీశాను. తడిసిన వేలికి అవి సులువుగానే అంటుకున్నాయి. ఈ సంగతి ముందుగా చెప్పాలని నాకు అనిపించిన మనిషి నా భార్యే. పనంతా అయింది. ఆమెకు ఈ చెయ్యి చేయవలసింది మళ్ళీ ఏడాది దాకా ఏదీ లేదు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.